నేవీ మనిషికి చివరి మర్యాద: అమెరికా ప్రభుత్వం ఇచ్చే సేవలు ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికా నేవీలో నాలుగేళ్లు చేసినా ఇరవై ఏళ్లు చేసినా, మచ్చలేని రికార్డుతో బయటికొచ్చిన మనిషి చనిపోతే ఆ ప్రభుత్వం సమాధి స్థలం, పేరు చెక్కిన రాయి, జెండా, గౌరవ వందనం ఇస్తుంది. వీటికి పైసా తీసుకోదు. వీటిలో ఏది బాగుంది, ఏది విసిగిస్తుంది, ఏది తీసుకుంటే ఇంకేది చేజారిపోతుంది అన్నదే ఈ రివ్యూ. మనవాళ్లకు ఇది దూరపు సంగతేమీ కాదు. అక్కడే పుట్టి నేవీలో చేరిన మన పిల్లలున్నారు. అల్లుడి తండ్రి పాత సెయిలర్ అయిన ఇళ్లున్నాయి. వియ్యంకుడు పోయినప్పుడు కాగితాలన్నీ అల్లుడికీ కూతురికీ తగులుకుంటాయి. దహనం చేసి అస్థికలు నీళ్లలో కలిపే ఇళ్లకు ఈ సేవల్లో కొన్ని గట్టి మెలికలున్నాయి, అందుకే వాటి మీద ఎక్కువ రాశాం.

ముందుగా ఎవరి పని ఏదో తెలియాలి. స్మశానం, రాయి, జెండా, సర్టిఫికెట్ వెటరన్స్ అఫైర్స్ శాఖవి (వెటరన్ అంటే మాజీ సైనికుడు). అందరూ దాన్ని వీఏ అంటారు. గౌరవ వందనం రక్షణ శాఖ బాధ్యత, మనుషుల్ని పంపేది నేవీ. సముద్రంలో అంత్యక్రియలు నేవీ మార్చురీ విభాగం చూస్తుంది. రిటైరైన వాళ్ల పెన్షన్ డీఫాస్ అనే ఇంకో ఆఫీసుది. వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ స్మశానం ఆర్మీ చేతిలో ఉంటుంది, దాని అర్హతలు చాలా కఠినం. వీఏ వాళ్లు సరే అన్నారు కదా అని ఆర్లింగ్టన్ కూడా వస్తుందనుకోకండి.

డీడీ-214 లేకపోతే ఏదీ కదలదు

నేవీ నుంచి విడుదలైన రోజున చేతికిచ్చే డిశ్చార్జి పత్రమే డీడీ-214. దీనికి చాలా కాపీలుంటాయి. పనికొచ్చేది కింద మెంబర్-4 అని ఉన్న కాపీ. మెంబర్-1 అనే కుదించిన కాపీలో డిశ్చార్జి ఎలాంటిదో చెప్పే 24వ గడి ఉండదు. ఇంట్లో అదొక్కటే దొరికితే అర్హత తేల్చలేక ఫ్యూనరల్ హోమ్ (అంత్యక్రియల పనులు చూసే సంస్థ) మళ్లీ మీకే ఫోన్ చేస్తుంది.

అర్హతకు మూల సూత్రం డిస్‌ఆనరబుల్ డిశ్చార్జి కాకపోవడం. 1980 సెప్టెంబరు 7 తర్వాత సెయిలర్‌గా చేరిన వాళ్లకు ఇంకో షరతుంది. వరసగా 24 నెలలు గానీ, పిలిచిన కాలం మొత్తం గానీ పనిచేసి ఉండాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి కాబట్టి ఇరవై నెలలకే బయటికొచ్చిన మనిషి విషయంలో కూడా అడగకుండా వదిలేయొద్దు.

కాగితం ఇంట్లో లేకపోతే సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి రాయాలి. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అడగొచ్చు. ఆన్‌లైన్లో గానీ ఎస్ఎఫ్-180 ఫారం మీద గానీ పంపితే చాలు. అంత్యక్రియల కోసమని రాస్తే ఆ దరఖాస్తును ముందుకు జరుపుతారు. 1973 జులై 12న ఈ కేంద్రంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 1912 నుంచి 1960 దాకా విడుదలైన ఆర్మీ వాళ్ల ఫైళ్లు, పాత ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు చాలావరకు కాలిపోయాయి. నేవీ ఫైళ్లు కాలలేదు. కాబట్టి "పాత రికార్డులు కాలిపోయాయట" అని ఎవరైనా చెబితే, నేవీ మనిషి విషయంలో ఆ మాట నమ్మి ఆగిపోనక్కర్లేదు.

పత్రం చేతికొచ్చాక పేరు చూడండి. పౌరసత్వం తీసుకున్నప్పుడు ఇంటిపేరు ముందుకో వెనక్కో మారడం, పొట్టి చేసుకోవడం మనవాళ్లలో మామూలే. డీడీ-214 మీద ఒక పేరు, మరణ ధ్రువపత్రం మీద ఇంకో పేరు ఉంటే ప్రతి ఆఫీసూ అడుగుతుంది. పేరు మార్పు కాగితం నకళ్లు ముందే పది తీసి పెట్టుకుంటే మంచిది.

గౌరవ వందనం, జెండా

మొత్తంలో మాకు బాగా నచ్చింది ఇదే. 2000 జనవరి 1 నుంచి చట్టం ప్రకారం, కుటుంబం అడిగితే అర్హుడైన ప్రతి వెటరన్ అంత్యక్రియలకూ యూనిఫాంలో కనీసం ఇద్దరు రావాలి. వాళ్లలో ఒకరు ఆ మనిషి పనిచేసిన దళం వాళ్లే అయ్యుండాలి. అంటే నేవీ మనిషికి నేవీ సెయిలరే వస్తాడు. ట్యాప్స్ అనే 24 స్వరాల బ్యూగిల్ పాట వినిపిస్తారు. జెండాను పొడవునా మడిచి, ఆపైన త్రికోణంగా మడుస్తూ పోతారు. చివరికి నీలం మీద నక్షత్రాలే పైకి కనపడాలి, ఎరుపు కనపడకూడదు. తర్వాత సెయిలర్ భార్య ముందు వంగి, అధ్యక్షుడి తరఫున, నేవీ తరఫున, ఋణపడిన దేశం తరఫున స్వీకరించమని చెప్పి ఆమె చేతుల్లో పెడతాడు. అంతా కలిపి పది పదిహేను నిమిషాలు. ఎక్కడా హడావుడి ఉండదు, ఒక్క మాట ఎక్కువ ఉండదు.

ఆశపడి నిరాశ చెందేది రెండు చోట్ల. బ్యూగిల్ వాయించగల సెయిలర్లు తక్కువ. అందుకని చాలాచోట్ల గొట్టం లోపల రికార్డింగు పరికరం ఉన్న బ్యూగిల్ పట్టుకుంటారు, మీట నొక్కితే పాట వస్తుంది. దూరం నుంచి తేడా తెలియదు గానీ దగ్గర కూర్చున్న వాళ్లకు తెలుస్తుంది. ఇక తుపాకీ వందనం. ఇది హామీ కాదు. చాలా ఊళ్లలో అమెరికన్ లీజన్, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంఘాల స్థానిక శాఖల స్వచ్ఛంద బృందాలు వచ్చి మూడుసార్లు పేలుస్తాయి. కావాలంటే ఫ్యూనరల్ డైరెక్టర్‌కు విడిగా చెప్పాలి. దీన్ని అందరూ 21 తుపాకుల వందనం అంటారు గానీ అది వేరు. అది దేశాధినేతలకు ఫిరంగులతో చేసేది.

మన ఇళ్లలో చిక్కు సమయంతో వస్తుంది. దహనం ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలని మనం తొందరపడతాం. బృందాన్ని కుదర్చడానికి వాళ్లకు కొన్ని రోజులు కావాలి. రెంటినీ ఒకే రోజు ఇరికించాలని చూడొద్దు. దహనం మన పద్ధతిలో ముందే చేసి, గౌరవ వందనం తర్వాత, కలశాన్ని స్మశానంలో ఉంచే రోజునో సంస్మరణ సభ రోజునో పెట్టుకోవచ్చు. పెద్దకర్మకు బంధువులంతా వస్తారు కాబట్టి ఆ దగ్గరి పనిదినం ఏదైనా చూసుకుంటే అందరికీ కుదురుతుంది. వందనం ఒక్కసారే ఇస్తారు కనుక ఏ రోజున కావాలో ఇంట్లో తేల్చుకున్నాకే ఫోన్ చేయండి.

జెండా 5 అడుగుల వెడల్పు, 9.5 అడుగుల పొడవు, నూలుది. ఫారం 27-2008 నింపి పోస్టాఫీసులోనో వీఏ ప్రాంతీయ ఆఫీసులోనో తెచ్చుకోవాలి. సాధారణంగా ఫ్యూనరల్ హోమే తెస్తుంది. మీరే తేవాల్సి వస్తే, ప్రతి పోస్టాఫీసులోనూ ఉండదు కాబట్టి ఫోన్ చేసి వెళ్లండి. మనిషికి ఒక్కటే ఇస్తారు, పాడైతే రెండోది రాదు. ఎండకూ వానకూ ఆగదు కాబట్టి వాకిట్లో స్తంభానికి కట్టొద్దు. పెట్టె మీద కప్పేటప్పుడు నక్షత్రాల భాగం తలవైపు, ఎడమ భుజం మీదికి రావాలి. దహనానికి ముందు తీసేయాలి. దాచుకునే త్రికోణపు చెక్క పెట్టె ప్రభుత్వం ఇవ్వదు, కొనుక్కోవాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు 3 బై 5 అడుగుల జెండాకు చేసిన చిన్న పెట్టె తెప్పించడం. అందులో ఈ జెండా పట్టదు. 5 బై 9.5 కొలత రాసి ఉందో లేదో చూసి కొనాలి.

అధ్యక్షుడి సంతకంతో సంస్మరణ పత్రం కూడా వస్తుంది, ఫారం 40-0247. కెనడీ హయాంలో 1962లో మొదలైంది. ఎన్ని కాపీలైనా అడగొచ్చు. తలా ఒకటి పంచుకోవాలనుకునే అన్నదమ్ములున్న ఇంటికి ఇది పనికొస్తుంది, జెండా ఒక్కటే కాబట్టి.

జాతీయ స్మశానం: ఇంటి మనిషికి అసలైన లాభం ఇక్కడే

వీఏ చేతిలో 150కి పైగా జాతీయ స్మశానాలున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల చూస్తే డాలస్-ఫోర్ట్ వర్త్, హ్యూస్టన్, అట్లాంటాకు ఉత్తరాన క్యాంటన్‌లో ఉన్నాయి. స్థలం, తవ్వకం, పూడ్పు, పెట్టె చుట్టూ పెట్టే సిమెంటు తొడుగు, రాయి, శాశ్వత నిర్వహణ అన్నీ ఉచితం. మంచి విషయం ఏమిటంటే ఈ హక్కు సెయిలర్‌తో ఆగదు. భార్యకు, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలకు, పూర్తికాలం చదువుకుంటుంటే 23 ఏళ్ల వరకు అదే చోట స్థలం ఉంటుంది. భార్య ముందు పోయినా సరే, ఆమెను అక్కడ ఉంచి తర్వాత ఆయన్ను పక్కకు చేర్చొచ్చు. నిలువు రాయి అయితే ఒకరి పేరు ముందు, ఒకరి పేరు వెనక వస్తాయి. నలభై ఏళ్లు కలిసి బతికిన దంపతులకు డబ్బు పెట్టినా ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకడం కష్టం. కానీ మన ఇళ్లలో కొడుకు దగ్గరే ఉండే అమ్మానాన్నలకు ఇది వర్తించదు. యుద్ధంలో చనిపోయిన వాళ్ల తల్లిదండ్రులకు ఉన్న చిన్న మినహాయింపు తప్ప.

తేదీ కోసం సెయింట్ లూయిస్‌లోని షెడ్యూలింగ్ ఆఫీసుకు 800-535-1117 కి ఫోన్ చేయాలి. చేతిలో డీడీ-214 లేకపోయినా వాళ్లే వెతికి అర్హత తేలుస్తారు. బతికుండగానే ఫారం 40-10007 పంపి అర్హత ఖాయం చేయించుకోవచ్చు. స్థలం నంబరు ఇవ్వరు గానీ, "అర్హుడే" అన్న ఉత్తరం ఇస్తారు. డెబ్బై దాటిన వెటరన్ ఇంట్లో ఉంటే ఈ వారమే చేయదగ్గ పని ఇది.

ఏ స్మశానంలో ఖాళీ ఉందో ముందే అడగండి. కొన్ని నిండిపోయాయి, కొన్ని అస్థికలకు మాత్రమే తెరిచి ఉన్నాయి. శాన్ డియెగోలో నేవీ వాళ్లంతా ఫోర్ట్ రోజ్‌క్రాన్స్ కావాలంటారు. సముద్రం మీదికి చూసే కొండ అది. అక్కడ శవపేటికలకు కొత్త స్థలం లేదు, మిరమార్ జాతీయ స్మశానానికి పంపిస్తారు. రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే వెటరన్ స్మశానాలు వేరే. వాటిలో ఆ రాష్ట్రంలో నివసించి ఉండాలన్న షరతో, భార్యకు కొంత రుసుమో ఉండొచ్చు.

కార్యక్రమం సమాధి దగ్గర జరగదు. ఒక పందిరి లాంటి షెల్టర్‌లో ఇరవై ముప్పై నిమిషాల గడువు ఇస్తారు. తర్వాతి కుటుంబం వెనకే వచ్చి ఉంటుంది. వారాంతాల్లో చేయరు. పురోహితుడికి ఈ గడువు ముందే చెప్పాలి. గౌరవ వందనానికి పదిహేను నిమిషాలు తీసేస్తే మంత్రాలకు మిగిలేది పది నిమిషాలు. పూర్తి కర్మ ఇంట్లోనో గుడిలోనో చేసి, ఇక్కడ శాంతి మంత్రంతో సరిపెట్టడమే నయం. తాజా పూలు ఎప్పుడైనా పెట్టొచ్చు. ప్లాస్టిక్ పూలకు చలికాలంలోనే అనుమతి. గాజు, పింగాణీ, విగ్రహాలు పెడితే తీసేస్తారు. తద్దినం నాడు దీపం పెట్టి రావాలనుకునే వాళ్లు ఈ నియమం ముందే తెలుసుకోవాలి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఫ్యూనరల్ హోమ్ ఖర్చు, పెట్టె ఖర్చు, దహనం ఖర్చు వీఏ భరించదు, కొందరికి వచ్చే భత్యం తప్ప (దాని సంగతి చివర్లో). "వెటరన్లకు అంత్యక్రియలు ఉచితం" అని పోస్టులో వచ్చే రంగుల కాగితాలు ప్రైవేటు స్మశానాల అమ్మకాల ఎర. స్థలం ఒకటి ఉచితమని పిలిచి, భార్యకు పక్క స్థలం, తవ్వకం, నిర్వహణ అన్నిటికీ లెక్క కడతారు.

రాయి

ప్రైవేటు స్మశానంలో పెట్టినా ప్రభుత్వ రాయి వస్తుంది, ఫారం 40-1330. పాలరాతి నిలువు రాయి 42 అంగుళాల పొడవు, 13 వెడల్పు, 4 మందం, సుమారు 230 పౌన్లు. నేలకు ఆనించే రాయి 24 బై 12 అంగుళాలు, సుమారు 130 పౌన్లు. అదే కొలతలో కంచుది 18 పౌన్లే. రాయి, రవాణా ఉచితం. పాతడానికి ప్రైవేటు స్మశానం తీసుకునే కూలి మాత్రం మీదే. ఆర్డరు పెట్టే ముందు ఆ స్మశానం ఏ రకాన్ని ఒప్పుకుంటుందో రాతపూర్వకంగా తీసుకోండి. నిలువు రాళ్లు పనికిరావనే స్మశానాలు చాలా ఉన్నాయి. సొంతంగా రాయి వేయించుకున్న వాళ్లు దానికి అతికించే కంచు పతకం అడగొచ్చు, ఫారం 40-1330ఎం. మూడు సైజుల్లో వస్తుంది, దాని మీద వెటరన్ అనీ నేవీ అనీ ఉంటుంది. రాయి, ఈ కంచు పతకం రెండిట్లో ఒకటే ఇస్తారు.

పేరు, దళం, పుట్టిన, పోయిన సంవత్సరాలు తప్పనిసరి. హోదా, పాల్గొన్న యుద్ధం, పతకాలు, మత చిహ్నం, ప్రేమగా ఒక చిన్న మాట మీ ఇష్టం. చిహ్నాల జాబితాలో ఓంకారం ఉంది, సిక్కుల ఖండా ఉంది, నాస్తికులదీ ఉంది. అడగకపోతే ఏదీ చెక్కరు. ఫ్యూనరల్ హోమ్ గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేయడం జరుగుతుంది, సంతకం చేసే ముందు చూడండి. "ప్రియమైన భర్త, తండ్రి" అనే ఒక్క ముక్కకే చోటుంటుంది. కాబట్టి మనవల పేర్లన్నీ ఎక్కించాలని ప్రయత్నించకండి.

ఉచిత కలశం: ఇదొక్కటి తీసుకోకండి

2021లో వచ్చిన చట్టం ప్రకారం, దహనం చేసి అస్థికలు ఏ స్మశానంలోనూ పెట్టని వెటరన్లకు వీఏ ఒక కలశమో ఫలకమో ఉచితంగా ఇస్తుంది. ఫారం 40-10119. చూడటానికి బాగుంటుంది. కానీ అది తీసుకుంటే ఆ మనిషికి జాతీయ స్మశానంలో స్థలం, ప్రభుత్వ రాయి, పతకం ఇక ఎప్పటికీ రావు. చట్టమే అలా ఉంది, తర్వాత మనసు మార్చుకుని తిరిగిచ్చేసినా లాభం లేదు.

అస్థికలు గోదావరికో కాశీకో తీసుకెళ్లే ఇళ్లు పడే గుంట ఇదే. "ఎలాగూ స్మశానంలో పెట్టం కదా, కలశం తీసుకుందాం" అనిపిస్తుంది. కానీ అస్థికలు పూర్తిగా నీళ్లలో కలిపేసిన వెటరన్‌కు జాతీయ స్మశానంలోని సంస్మరణ విభాగంలో ఆయన పేరుతో రాయి వేయించుకునే హక్కు ఉంది. కొంత భాగం ఎక్కడైనా పూడ్చి ఉండకూడదు, అంతే. లేదా కొంత గోదావరిలో కలిపి, మిగతాది జాతీయ స్మశానంలో కలశాలుంచే గోడ గూడులో పెట్టి అక్కడే రాయి తీసుకోవచ్చు. ఈ రెండు దారులూ ఆ ఉచిత కలశంతో మూసుకుపోతాయి. కలశం బజార్లో దొరుకుతుంది, కొనుక్కోండి. ఇండియాకు విమానంలో తీసుకెళ్లాలంటే లోహంది కాకుండా ఎక్స్-రేలో లోపల కనిపించే డబ్బా తీసుకోండి. భద్రతా సిబ్బంది దాన్ని తెరవరు, లోపల కనిపించకపోతే విమానం ఎక్కనివ్వరు. భారత కాన్సులేట్ అనుమతి, మరణ ధ్రువపత్రం, దహనం సర్టిఫికెట్ వెంట ఉండాలి.

సముద్రంలో కలపడం

నేవీ మనిషి చాలాసార్లు నోరు తెరిచి అడిగే కోరిక ఇది. నేవీ దీన్ని ఉచితంగా చేస్తుంది. భార్యకూ అర్హత ఉంటుంది. నార్‌ఫోక్, జాక్సన్‌విల్, శాన్ డియెగో, బ్రెమర్టన్, హొనొలులు రేవుల నుంచి బయల్దేరే యుద్ధనౌకల మీద జరుగుతుంది. దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, దహనం సర్టిఫికెట్, డీడీ-214 జతచేయాలి. అస్థికలు పోస్టులో పంపాలంటే అమెరికా తపాలా శాఖ ప్రయారిటీ మెయిల్ ఎక్స్‌ప్రెస్ ఒక్కటే దారి. ప్రైవేటు కొరియర్లు తీసుకోరు. జెండా మీరు పంపితే కార్యక్రమం తర్వాత తిరిగొస్తుంది.

లోటేమిటంటే కుటుంబాన్ని ఓడ ఎక్కనివ్వరు. ఓడ వేరే పని మీద వెళుతూ దారిలో చేస్తుంది. నెలల తరబడి వేచి ఉండాల్సి రావచ్చు, తేదీ మీ చేతిలో ఉండదు. పని అయ్యాక కెప్టెన్ నుంచి ఉత్తరం వస్తుంది. ఏ రోజు, ఏ వేళ, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర చేశారో అందులో ఉంటుంది. చంద్రుడి మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొరియా యుద్ధంలో 78 సార్లు నేవీ విమానం నడిపిన మనిషి. 2012 సెప్టెంబరు 14న అట్లాంటిక్‌లో యూఎస్ఎస్ ఫిలిప్పీన్ సీ మీద ఆయన అస్థికలు కలిపారు. ఆయన భార్య ఓడ మీదే జెండా అందుకున్నారు. ఆ ఫోటోలు చూసి మనకూ అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు.

కొడుకు చేతుల మీదుగా జరగాలనుకునే ఇళ్లకు అందుకే మేము సొంత పడవనే సూచిస్తాం. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ అందరికీ కలిపి ఇచ్చిన సాధారణ అనుమతి ఇందుకు సరిపోతుంది, ముందుగా ఎవరినీ అడగనక్కర్లేదు. తీరానికి కనీసం 3 నాటికల్ మైళ్ల అవతలికి వెళ్లాలి. పూలు, పత్రి వేయొచ్చు. ప్లాస్టిక్, పాలిథిన్ సంచి, నీళ్లలో కరగని కుండ, లోహపు చెంబు వేయకూడదు. ఎర్ర గుడ్డ కట్టే ఆచారముంటే అది సన్నని నూలుది అయ్యుండాలి, లేదంటే విప్పి వెనక్కి తెచ్చుకోండి. కలిపిన 30 రోజుల్లోగా ఆ సంస్థకు ఆన్‌లైన్లో తెలియజేయాలి. అడిగేవాళ్లు లేరని చాలామంది మానేస్తారు గానీ అది చట్టం. గాలికి ఎదురుగా నిలబడి గుమ్మరిస్తే బూడిద మొహాల మీదికి వస్తుంది. పడవ నడిపేవాడిని గాలి వాలు వైపుకు తిప్పమని చెప్పండి, నీళ్లకు దగ్గరగా వంగి వదలండి. నదుల్లో, చెరువుల్లో కలపడానికి ఈ అనుమతి చెల్లదు, అక్కడ రాష్ట్ర చట్టం చూసుకోవాలి.

పెట్టెతో సహా సముద్రంలో వదలడం కూడా ఉంది. 600 అడుగుల లోతు కావాలి, పెట్టెకు రంధ్రాలు, బరువు, పట్టీలు కావాలి. మన ఇళ్లలో అడిగేవాళ్లు ఉండరు కాబట్టి వదిలేస్తున్నాం.

సంస్మరణ రాత, ఆన్‌లైన్ పేజీ

ఆయన ఇంట్లో ఎలాంటి మనిషో వీఏకు తెలియదు, అది రాయాల్సింది మీరే. ఫ్యూనరల్ హోమ్ తన సైటులో సాధారణంగా రుసుము లేకుండా వేస్తుంది. పత్రికలు వరుసకింతని తీసుకుంటాయి, కాబట్టి పత్రికకు పొట్టిది, సైటుకు పొడుగుది అని రెండు రాసుకోండి. నేవీ భాగం డీడీ-214 చూసి రాయండి, జ్ఞాపకం మీద కాదు. 12వ గడిలో సముద్రంలో గడిపిన కాలం విడిగా ఉంటుంది. 13లో పతకాలుంటాయి. ఆ గడిలో లేని పతకం రాయకూడదు. నాలుగేళ్లు చేసి వచ్చిన మనిషిని రిటైర్డ్ నేవీ అని రాయొద్దు, ఆ మాట మామూలుగా ఇరవై ఏళ్లు చేసినవాళ్లది. నేవీ కెప్టెన్ ఆర్మీ కల్నల్‌తో సమానం, ఆర్మీ కెప్టెన్ చాలా కింద. ఈ తేడా తప్పితే పాత సహచరులు వెంటనే పట్టేస్తారు. ఓడ పేరుతో పాటు దాని నంబరు, ఆయన ఉన్న సంవత్సరాలు రాస్తే ఆ ఓడలో పనిచేసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఒకే పేరు వేర్వేరు కాలాల్లో వేర్వేరు ఓడలకు పెట్టారు.

నేవీకి ఎంత చోటివ్వాలో తేల్చుకోలేకపోతే జిమ్మీ కార్టర్ లెక్క చూడండి. సబ్‌మెరైన్ ఆఫీసర్‌గా నేవీలో ఏడేళ్లు, భార్యతో కాపురం 77 ఏళ్లు. చాలామంది జీవితం ఇదే నిష్పత్తిలో ఉంటుంది, రాత మాత్రం తలకిందులుగా వస్తుంది. రెండు వాక్యాలు నేవీకి చాలు. ఆదివారం పొద్దున ఎవరికి ఏం వండిపెట్టేవారు, ఎవరి కారు బాగుచేసేవారు, మనవరాలికి ఏ ముడి వేయడం నేర్పారు, ఇవి రాయండి. పుట్టిన తేదీ పూర్తిగా, తల్లి పుట్టింటి పేరు, ఇంటి చిరునామా రాయొద్దు. పోయినవాళ్ల పేరు మీద అప్పులు తీసే దొంగలు ఈ ప్రకటనలనే చదువుతారు.

వీఏ 2019లో మొదలుపెట్టిన వెటరన్స్ లెగసీ మెమోరియల్ సైటులో జాతీయ స్మశానాల్లో ఉన్న ప్రతి వెటరన్‌కూ ఒక పేజీ ఉంటుంది. ప్రైవేటు స్మశానంలో ప్రభుత్వ రాయి ఉన్నవాళ్లకూ ఇప్పుడు ఇస్తున్నారు. ఫోటోలు, కాగితాలు, నివాళులు ఎక్కించొచ్చు. వాళ్లు చూసి ఒప్పుకున్నాకే కనపడతాయి కాబట్టి తద్దినం నాటికి కావాలంటే ముందే పంపాలి. రూపం చప్పగా ఉంటుంది, ప్రకటనల గోల మాత్రం లేదు. వాషింగ్టన్‌లోని నేవీ మెమోరియల్ వాళ్ల నేవీ లాగ్ అనే ఆన్‌లైన్ పేర్ల పట్టిక కూడా ఉచితమే. ఓడ పేరు ప్రకారం వెతకడానికి అదే నయం.

డబ్బు సంగతి

వీఏ అంత్యక్రియల భత్యం అందరికీ రాదు. వీఏ నుంచి పరిహారమో పెన్షనో అందుకుంటున్నవాళ్లకే ప్రధానంగా. మామూలు మరణానికి సుమారు వెయ్యి డాలర్లు, ఏటా అక్టోబరులో మారుతుంది. సర్వీసు కారణంగా వచ్చిన జబ్బుతో పోతే 2,000 డాలర్లు. ఫారం 21పీ-530ఈజెడ్, మామూలు మరణానికి రెండేళ్ల గడువు.

అసలు డబ్బు ఇంకో చోట ఉంది, చాలా కుటుంబాలు అటు చూడవు. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో పోయారని తేలితే భార్యకు డీఐసీ అనే నెలసరి భృతి వస్తుంది. అది నెలకు 1,600 డాలర్లకు పైనే. 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో, వియత్నాం తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు ఓడల్లో ఉన్న సెయిలర్లకు కూడా ఏజెంట్ ఆరెంజ్ (వియత్నాం యుద్ధంలో అడవుల మీద చల్లిన విషపు మందు) నిబంధన వర్తిస్తుంది, అంటే కొన్ని జబ్బులు సర్వీసు వల్లే వచ్చాయని ఒప్పుకుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండె రక్తనాళాల జబ్బు, టైప్-2 షుగర్, పార్కిన్సన్స్ ఆ జాబితాలో ఉన్నాయి. పాత ఓడల ఇంజిన్ గదుల్లో ఆస్‌బెస్టాస్ పీల్చి మెసోథీలియోమా అనే క్యాన్సర్ వచ్చినవాళ్లు ఇంకో వరస. అందుకే మరణ ధ్రువపత్రం రాసేటప్పుడే డాక్టర్‌తో మాట్లాడాలి. ఒట్టి "గుండె ఆగింది" అని రాస్తే దావా నిలబడటం కష్టం. దారితీసిన జబ్బులన్నీ వాటి గడిలో ఉండాలి. ఫారం 21పీ-534ఈజెడ్ ఏడాదిలోపు పంపితే చనిపోయిన నెల నుంచి లెక్క కడతారు, దాటితే దరఖాస్తు అందిన తేదీ నుంచే. నిర్ణయం ఆలస్యమవుతుంది, ఈ భాగంలో వీఏ మీద మా అభిప్రాయం అంత గొప్పగా లేదు. ఫారాలు నింపిపెడతామని డబ్బడిగే ఏజెంట్లను దగ్గరికి రానివ్వకండి. అమెరికన్ లీజన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు రుసుము లేకుండా చేసిపెడతారు.

ఆయన ఇరవై ఏళ్లు చేసి రిటైరైన మనిషైతే డీఫాస్‌కు వెంటనే చెప్పండి. చనిపోయిన రోజు వరకే పెన్షన్ లెక్క. ఆ నెల పూర్తి మొత్తం ఖాతాలో పడితే దాన్ని వెనక్కి లాగేసుకుని, రావాల్సిన భాగం ఎస్ఎఫ్-1174 ఫారం పంపాక విడిగా ఇస్తారు. ఆ డబ్బు తీసి ఖర్చుపెట్టొద్దు, అది వెనక్కి వెళ్లేదాకా ఖాతా మూయొద్దు.